శస్త్రచికిత్సకు ముందు సిద్ధపాటు

ధ్యాన భాగములు: లూకా 14:28–30, యెషయా 38



గడచిన వేసవిలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, రేపల్లె వైపు పల్లె నుండి వచ్చు ఒక సహోదరి అందరును వెళ్లువరకు ఆగి మా యొద్దకు వచ్చెను. బరువు తగ్గుటకు కడుపు ఆపరేషను చేయించుకొనుట మంచిదని గుంటూరులో డాక్టరుగారు చెప్పిరనియు, సంఘము ఏమనునో అని భయముగా నున్నదనియు మెల్లగా చెప్పెను. ఆమెకు నలువది యేండ్లు దాటినవి. చక్కెర వ్యాధి పట్టి చాల కాలమైనది. మోకాళ్లు ఆమెను మోయలేకున్నవి. రాత్రివేళ గురకలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచి కూర్చుండును. మేము ఏమంటిమి? "శనివారపు ఉపవాస కూడికకు తప్పక రండమ్మా, ప్రభువే తగ్గించును" అంటిమి. ఆమె తల వంచుకొని వెళ్లిపోయెను.

ఆ మాట తప్పు. చక్కెర మాత్రలు, ఇన్సులిన్ వాడువారు డాక్టరు నడుగకుండ పస్తుండిన, రక్తములో చక్కెర ఒక్కసారిగా పడిపోయి ప్రాణము మీదికి రావచ్చును. ఇది మాకు తెలియకపోలేదు, తొందరలో మరచితిమి. అంతకంటె పెద్ద తప్పు మరియొకటి కలదు. బరువు అనగా తిండిపోతుతనమని, అది పాపమని, పాపమునకు ఉపవాసమే మందని మేము లోలోపల తీర్పు తీర్చితిమి.

ప్రధాన యాజకుడైన ఏలీ మరణమును 1 సమూయేలు 4వ అధ్యాయములో చదువుదుము. ఆయన వృద్ధుడు, స్థూలకాయుడు గనుక వెనుకకు పడినప్పుడు మెడ విరిగెనని గ్రంథకర్త ఒక్క మాటలో చెప్పి ఊరకుండెను. ఎగతాళి చేయలేదు. ఆయన నలువది సంవత్సరములు ఇశ్రాయేలీయులకు న్యాయము తీర్చెనని ఆ వెంటనే జ్ఞాపకము చేసెను. మన గుడి మెట్లమీద మనము ఆడు మాటలు అట్లున్నవా?

శరీరము నిర్మింపబడిన తీరును కూడ కొంచెము తెలిసికొనవలెను. తిండి తగ్గించి బరువు దిగిన మనుష్యుని శరీరము కరవు వచ్చినదని తలంచును. ఆకలి పుట్టించు రసములు పెరుగును, ఒంట్లో ఖర్చగు శక్తి తగ్గును. కాబట్టియే పది కిలోలు తగ్గినవారు అనేకులు రెండేండ్లలో పన్నెండు కిలోలు పెరిగి వత్తురు. అది అంతయు సోమరితనము కాదు. మన డెల్టా తీరును చూడుడు. బాపట్ల పరిశోధనా కేంద్రములో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి బియ్యము ఎంత రుచియో అందరికి తెలియును. దానిని బాగుగా పాలిషు పట్టించి మూడు పూటలు తినుచున్నాము. తాతలు నడచిన గట్లమీద మనము మోటారు సైకిలుపై పోవుచున్నాము. పెండ్లిలో "ఇంకొక్క ముద్ద" అని బలవంతము చేయువారము మనమే, మరునాడు ఆమె నడకను చూచి నవ్వువారమును మనమే.

ఆపరేషను సంగతి. స్లీవ్ అను పద్ధతిలో జీర్ణాశయమును నాలుగింట మూడు వంతులు కోసి తీసివేసి సన్నని గొట్టమువలె మిగుల్చుదురు. బైపాస్ అను పద్ధతిలో పైభాగమున చిన్న సంచి చేసి చిన్న ప్రేగునకు కలుపుదురు. దీనిని 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు ప్రారంభించెను. ఇప్పుడు పొట్టమీద చిన్న రంధ్రముల గుండా చేయుచున్నారు. స్వీడను దేశములో 1987లో మొదలుపెట్టి వేలమందిని ఏండ్ల తరబడి పరీక్షించి, ఆపరేషను అయినవారిలో మరణములు తక్కువని 2007లో ప్రకటించిరి. వారమున కొకసారి వేసికొను సూదిమందులు 2025లో మన దేశములో అమ్మకమునకు వచ్చినవి గనుక, అవి చాలునా అనియు డాక్టరునే అడుగవలెను.

అయితే కోరినవారికెల్ల ఇది చేయరు. కిలోల బరువును, మీటర్లలోని ఎత్తును ఎత్తుతోనే హెచ్చవేయగా వచ్చినదానితో భాగించిన వచ్చు అంకెను బి.ఎం.ఐ. అందురు. 150 సెంటీమీటర్ల ఎత్తు, 90 కిలోల బరువు గల స్త్రీకి అది 40. 1991లో అమెరికా వైద్యులు 40 దాటినవారికి, లేక 35 దాటి చక్కెర, రక్తపోటు వంటి జబ్బులున్నవారికి తగునని నిర్ణయించిరి. 2022లో రెండు శస్త్రవైద్య సంఘములు దానిని సవరించి 35 చాలుననియు, మనవంటి ఆసియావాసులకు కీడు తక్కువ బరువులోనే మొదలగును గనుక 27.5 నుండియే ఆలోచింపవచ్చుననియు చెప్పినవి. బీమా కంపెనీల లెక్క వేరు. మన దేశపు బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన నియమము ప్రకారము పదునెనిమిది ఏండ్లు నిండి, 40 గాని, తీవ్రమైన జబ్బులతో 35 గాని ఉండి, ఇతర మార్గములు ఫలింపనివారికే బీమా వర్తించును. పొలము అమ్మకముందే పాలసీ కాగితము చదువుడు.

పెండ్లి చూపులకు ముందు పిల్లకు ఆపరేషను చేయింపుమని వైద్యుల చుట్టు తిరుగు తలిదండ్రులను గూర్చి విన్నాము. మా మనస్సు నొచ్చినది. ఇది అందమునకు చేయు పని కాదు. పైగా ఆపరేషను తరువాత ఏడాది నుండి ఏడాదిన్నర వరకు గర్భము రాకుండ చూచుకొనవలెను. ఈ మాట వియ్యాలవారికి ఎవరు చెప్పుదురు?

గోపురము కట్టగోరిన మనుష్యుని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము మీరెరుగుదురు. పునాది వేసి ముగింపలేనివాడు నవ్వులపాలగును. మా సహోదరి రెండు నెలలుగా ఆ లెక్కయే చూచుకొనుచున్నది. రక్తపరీక్షలు, గుండె పరీక్ష, పిత్తాశయములో రాళ్లున్నవేమో అని స్కానింగు, గొట్టము మ్రింగించి కడుపు చూచుట, రాత్రి నిద్ర పరీక్ష, ఇవన్నియు అయినవి. గురకలో ఊపిరి ఆగువారికి మత్తుమందు ప్రమాదము గనుక ఆ నిద్ర పరీక్ష. ఆమె భర్త ఆ చూర్ణాలూ చుట్టలూ ఆమెకెందుకని నవ్వెను గాని, పొగ త్రాగువారు వారములకు ముందే మానవలెనని వైద్యులు చెప్పుదురు; కుట్లు మానవు. మనస్సును పరీక్షించు వైద్యుడు కూడ ఆమెతో మాటలాడెను. "మీకు నిజముగా ఇది కావలెనా? ఎందుకు?" అని అడిగెనట. బేతెస్ద కోనేటి యొద్ద ముప్పది యెనిమిది ఏండ్ల రోగిని ప్రభువు మొదట అడిగినదియు స్వస్థపడ గోరుచున్నాడా అనియే గదా.

చివరి రెండు వారములు కఠినమైన పథ్యము. కొవ్వు పట్టిన కాలేయము ఉబ్బి జీర్ణాశయమునకు అడ్డుగా నుండును. అన్నము, తీపి, నూనె మాని మాంసకృత్తులు మాత్రము తినిన అది కుంచించుకొని వైద్యుని చేతికి చోటు కలుగును. ఆ పద్నాలుగు దినములు దొంగతనముగా తినినవారు వైద్యుని కాదు, తమ్మునే మోసగించుకొందురు. తరువాతను జీవితాంతము విటమిను మాత్రలు, ఇనుము, కాల్షియము, ఏటేటా రక్తపరీక్షలు. మొదట ద్రవములు, పిమ్మట మెత్తనివి, కొన్ని వారములకు గాని ముద్ద లేదు. అశ్రద్ధ చేసినవారికి బరువు మరల వచ్చును.

ఇది అవిశ్వాసమా? హిజ్కియా కన్నీటితో ప్రార్థించగా దేవుడు పదునైదేండ్ల ఆయుష్షు ఇచ్చెను. ఆ అధ్యాయములోనే అతని పుండుమీద అంజూరపు ముద్ద కట్టుమని యెషయా చెప్పెను. ప్రార్థన విన్న దేవుడే మందు చెప్పించెను. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరమ్మగారు 1898లో ఆసుపత్రి తెరచినప్పుడు మన పెద్దలు ప్రార్థనను మానలేదు, కత్తిని తోసివేయనూ లేదు. వారి పిల్లలము మనము.

మేము ఆ సహోదరి యింటికి వెళ్లి క్షమాపణ అడిగితిమి. ఆమె కాఫీ ఇచ్చెను, పంచదార లేకుండ, మాకు కూడ.

ఆపరేషను సంక్రాంతి దాటిన తరువాత జరుగును. ఆమె పథ్యము కోతపండుగ దినముననే ఆరంభమగును. ఆ నాటి ప్రేమవిందులో ఆమె ఆకులో ఉడికించిన గ్రుడ్డు, మజ్జిగ తప్ప ఏమియు వడ్డింపవద్దు. "పండుగ గదా" అనవద్దు. స్త్రీల సమాజమువారు ఆమె రెండు గేదెలను పదునైదు దినములు చూచెదమనిరి. తెనాలి మీదుగా గుంటూరు ఆసుపత్రికి తోడు వెళ్లి రాత్రులుండుటకు ఇద్దరు స్త్రీలు కావలెను. వీలున్నవారు వచ్చే ఆదివారము ఆరాధన తరువాత అమ్మగారికి తమ పేర్లు ఇయ్యవలెను.