రంగు మార్చమని అడిగింది ఎవరు?

ముఖం తెల్లబడే క్రీములు వాడటం ధర్మసమ్మతమేనా? రాజమండ్రి, భీమవరం, అమలాపురం ప్రాంతాలలో స్త్రీల ధార్మిక సమావేశాల తరువాత తరచూ వచ్చే ప్రశ్న ఇది. విచిత్రమేమిటంటే, ఈ ప్రశ్న ఎక్కువగా అడిగేది అమ్మాయిలు కారు, వారి తల్లులు. ఇంట్లో పెళ్ళీడుకొచ్చిన కూతురు ఉంటుంది. రెండు మూడు సంబంధాలు వచ్చి వెళ్ళిపోయి ఉంటాయి. హలాల్ అనో హరామ్ అనో ఒక్క ముక్కలో తేల్చేసి పంపిస్తే ఆ తల్లికి న్యాయం జరిగినట్లు కాదు.

ముందుగా ఒక అపోహ తొలగిపోవాలి. ఇస్లాం అలంకరణకు వ్యతిరేకం కాదు. అల్లాహ్ తన దాసుల కోసం ప్రసాదించిన అలంకరణను నిషేధించినవారెవరని దివ్యఖుర్ఆన్ నిలదీస్తోంది (7:32). మహాప్రవక్త (స) సుర్మా వాడేవారు, సుగంధ ద్రవ్యాలను ఇష్టపడేవారు. హృదయంలో రవ్వంత అహంకారం ఉన్నవాడు స్వర్గంలో ప్రవేశించలేడని ఆయన హెచ్చరించినప్పుడు, మంచి దుస్తులు, మంచి చెప్పులు కావాలని కోరుకోవడం కూడా అహంకారమేనా అని ఒక వ్యక్తి అడిగాడు. కాదని ఆయన వివరించారు. అల్లాహ్ సౌందర్యవంతుడనీ, సౌందర్యాన్ని ప్రేమిస్తాడనీ, సత్యాన్ని తిరస్కరించడం, తోటి మనుషులను చిన్నచూపు చూడటమే అహంకారమనీ బోధించారు (ముస్లిం). ఈ హదీసు మొదటి భాగాన్ని బ్యూటీ పార్లర్లవారు గోడకు తగిలించుకున్నా తప్పు లేదు. రెండో భాగాన్ని మాత్రం పెళ్ళిచూపులకు బయలుదేరే ప్రతి కుటుంబం ఒకసారి చదువుకొని వెళ్ళాలి.

అయితే అలంకరణకు హద్దులున్నాయి. పచ్చబొట్లు పొడిపించుకునే స్త్రీలను, కనుబొమలు పీకించుకునేవారిని, అందం కోసం పళ్ళ మధ్య సందు చేయించుకునేవారిని, అల్లాహ్ సృష్టిని మార్చేవారిని శపించినట్లు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. మరో సంఘటన నేటి తల్లుల పరిస్థితికి మరీ దగ్గరగా ఉంటుంది. ఒక అన్సారీ స్త్రీ తన కూతురి పెళ్ళి చేసింది. జబ్బు వల్ల ఆ అమ్మాయి జుట్టు రాలిపోయింది. అత్తింటివారి ముందు కూతురు తలదించుకోకూడదని, సవరం అతికించవచ్చా అని ఆ తల్లి వచ్చి అడిగింది. మహాప్రవక్త (స) అనుమతించలేదు. మరోవైపు, యుద్ధంలో ముక్కు తెగిపోయిన హజ్రత్ అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన కొట్టింది. అప్పుడు బంగారు ముక్కు పెట్టించుకోమని ఆయనే సెలవిచ్చారు (అబూదావూద్, తిర్మిజీ). మగవారికి బంగారం నిషిద్ధమైనా సరే!

ఇలాంటి ఉల్లేఖనాలను పరిశీలించి ధర్మవేత్తలు ఒక తేడా చెప్పారు. దెబ్బ తగిలి, కాలిపోయి, జబ్బు చేసి ఏర్పడిన లోపాన్ని సరిచేయించుకోవడం చికిత్స. లోపమే లేని శరీరాన్ని మరొకరి మెప్పు కోసం శాశ్వతంగా మార్పించుకోవడం సృష్టిని మార్చడం. కడిగితే పోయే పౌడరు, గోరింటాకు, సున్నిపిండి ఈ రెండో కోవలోకి రావు.

ఇప్పుడు అసలు ప్రశ్న. చామనచాయ లోపమా?

ఇక్కడ చాలామంది తడబడతారు. నోటితో కాదంటారు, సంబంధం చూసేటప్పుడు అవునంటారు. దివ్యఖుర్ఆన్ మాత్రం మనుషుల భాషలలో, రంగులలో ఉన్న వైవిధ్యాన్ని భూమ్యాకాశాల సృష్టితో పాటు అల్లాహ్ సూచనలలో చేర్చింది (30:22). అంటే ఉర్దూ, తెలుగు, అరబీ భాషలు ఎలా సూచనలో, నలుపు, తెలుపు, చామనచాయ కూడా అలాగే సూచనలు. వరిచేలల్లో, రొయ్యల చెరువుల గట్ల మీద ఎండలో నిలబడి బతికే ఈ డెల్టా ప్రజల ఒంటి రంగు చికిత్స చేయించవలసిన జబ్బు ఎప్పుడైంది?

ఎప్పుడైందో చెప్పడం కష్టం గానీ, దాన్ని అమ్మకపు సరుకుగా చేసిన తేదీలు ఉన్నాయి. హిందూస్తాన్ లీవర్ సంస్థ ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ క్రీమును 1975లో మార్కెట్లోకి తెచ్చింది. నల్లగా ఉన్న అమ్మాయికి ఉద్యోగం రాదు, పెళ్ళి కాదు, క్రీము రాసుకోగానే రెండూ వచ్చేస్తాయి! ఏళ్ళ తరబడి టీవీలో మన పిల్లలు చూసిన కథ ఇదే. 2005లో ఇమామీ సంస్థ మగపిల్లలకు కూడా ఒక క్రీము తెచ్చింది. రంగు తక్కువవారిని హీనంగా చూపరాదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమం పెట్టవలసి వచ్చింది. 2020 మే నెలలో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసుల చేతిలో మరణించాక లోకమంతా నిరసనలు చెలరేగాయి. ఆ వేడిలో, అదే ఏడాది జూలైలో మొదటి క్రీము పేరు ‘గ్లో అండ్ లవ్లీ’గా మారింది. డబ్బా మీద పేరు మారింది, కొనేవారి కోరిక మారిందా?

సినిమా తారల ముచ్చట్లు మన పత్రిక విషయం కాదు. అయినా రెండు మాటలు చెప్పక తప్పదు. తెల్లబడే క్రీము ప్రకటన కోసం రెండు కోట్ల రూపాయలు ఇస్తామన్నా నటి సాయిపల్లవి ఒప్పుకోలేదని 2019లో పత్రికలలో వచ్చింది. ధర్మం గురించి ఉపన్యాసాలిచ్చే మన ఇళ్ళలో ఆ పాటి నిగ్రహం ఎందరికుంది? రెండోది విషాదం. తెలుగు ప్రేక్షకులకు బాగా తెలిసిన నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో 31 ఏళ్ళకే మరణించింది. అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకునే చికిత్స చేయించుకుందని వార్తలు వచ్చాయి. మరణానికి కారణం అదేనని తీర్పు చెప్పడానికి మనమెవరం? కానీ ఆ అమ్మాయి ఒంటి బరువు గురించి నవ్వుకుంటూ మాట్లాడినవారి జాబితా తీస్తే అందులో మన ఇళ్ళు కూడా ఉంటాయి.

ఇక ప్రాణహాని సంగతి. మిమ్మల్ని మీరు చేజేతులా వినాశంలోకి నెట్టుకోకండని అల్లాహ్ ఆజ్ఞ (2:195). కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో మూత్రపిండాల వైద్యులు 2021 జూలై నుండి 2023 సెప్టెంబరు వరకు ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. అందులో 15 మందిది అరుదైన ఒక రకం. ఆ 15 మందిలో 13 మంది జబ్బుకు ముందు తెల్లబడే క్రీములు వాడినవారే. కారణం పాదరసం. అది చర్మంలో రంగును పుట్టించే ప్రక్రియను అడ్డుకుంటుంది, అందుకే కొద్ది రోజుల్లోనే ముఖం తేటపడుతుంది. అదే పాదరసం చర్మం గుండా రక్తంలోకి చేరి మూత్రపిండాలను దెబ్బ తీస్తుంది. మలప్పురం కూడా మన కోనసీమలాగే గల్ఫ్ సంపాదన మీద ఇళ్ళు కట్టుకున్న ప్రాంతం, పైగా ముస్లింలు అధికంగా ఉన్న జిల్లా. కువైట్ నుండో, దుబాయ్ నుండో వచ్చే పెట్టెలో ఖర్జూరాలతో పాటు ఏ క్రీము డబ్బా వచ్చిందో తల్లులు ఒకసారి చూడాలి. తయారీదారు చిరునామా, అందులో కలిపిన పదార్థాల వివరాలు లేకపోతే వాడవద్దు. రాసుకునేటప్పుడు బంగారు, వెండి నగలకు తగలనీయవద్దని రాసి ఉంటే అందులో పాదరసం ఉందని అనుమానించాలి.

మందుల షాపులలో దొరికే స్టెరాయిడ్ క్రీములది ఇంకో కథ. ఎగ్జిమాకు, దురదకు వాడవలసిన మందును తెల్లదనం కోసం నెలల తరబడి రాస్తారు. చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, మానేస్తే మంట పుడుతుంది. ఇలాంటి 14 రకాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని ప్రభుత్వం 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. చీటీ అడిగే షాపు ఎక్కడో మీకే తెలియాలి. తెలిసి తెలిసి ఇలాంటివి వాడటం ధర్మసమ్మతం కాదు, ఇందులో సందేహం లేదు.

కానీ తల్లికి ఇంతవరకే చెప్పి పంపిస్తే మనం దోషిని వదిలి బాధితురాలిని మందలించినట్లే. క్రీము రాసుకున్న పిల్లకంటే ముందు, ఆ క్రీము అవసరం కల్పించినవారిని ప్రశ్నించాలి. “పిల్ల మంచిదే, కాస్త రంగు తక్కువ, జోడే కీ రఖమ్ ఇంకొంచెం చూడండి” అని అడిగినవారెవరు? నమాజు మొదటి వరుసలో నిలబడేవారే. ఇష్టాయిష్టాలు ఉండటం పాపం కాదు. స్త్రీని ఆమె సంపద, వంశం, అందం, ధర్మనిష్ఠ చూసి వివాహమాడతారనీ, ధర్మనిష్ఠకే ప్రాధాన్యమివ్వాలనీ మహాప్రవక్త (స) చెప్పారు. వివాహానికి ముందు అమ్మాయిని చూసుకోమని కూడా అనుమతించారు. నచ్చకపోతే మర్యాదగా తప్పుకోవచ్చు. రంగుకు వెల కట్టి ఆ మొత్తాన్ని ఆడపిల్ల తండ్రి దగ్గర వసూలు చేయడం వేరు. అది ఒకేసారి రెండు దుర్మార్గాలు. ఇవ్వవలసిన మహర్ మరచి పుచ్చుకోవడం ఒకటి, అల్లాహ్ సూచనను లోపంగా లెక్కగట్టడం రెండోది. హజ్రత్ అబూజర్ (రజి) అంతటి సహచరుడు ఒక వ్యక్తిని అతని తల్లి పేరుతో ఎగతాళి చేసినప్పుడు, నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందని మహాప్రవక్త (స) ఆయనను మందలించారు (బుఖారీ). అబూజర్ (రజి) వెంటనే పశ్చాత్తాపపడ్డారు. మన పెద్దలు ‘కాస్త రంగు తక్కువ’ అన్న మాటను పిల్ల వినేలా అని, టీ తాగి వస్తారు.

కొందరు తల్లులు ఇంకో సందేహం అడుగుతారు. అమ్మాయికి బొల్లి మచ్చ ఉంది, లేదా చిన్నప్పుడు కాలిన గుర్తు ఉంది. చికిత్స చేయించవచ్చా? మంచి వైద్యుని దగ్గర నిస్సంకోచంగా చేయించవచ్చు. మేకప్‌తో కప్పి, చెప్పకుండా పెళ్ళి చేయవచ్చా? చేయకూడదు. సంబంధం ఖాయం చేసుకునే ముందే అవతలివారికి చెప్పాలి, దాచి పెట్టడం మోసం అవుతుంది. పిల్ల రంగు విషయంలో మాత్రం ముందుగా ఒప్పుకోవలసిందీ, క్షమాపణ అడగవలసిందీ ఏమీ లేదు. “మా అమ్మాయి చామనచాయ, మీకు ఇష్టమైతేనే రండి” అని ఫోనులోనే చెప్పేసే తల్లులు ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నారు. ఫోటోను కంప్యూటరులో తెల్లగా దిద్దించి పంపేవారికంటే వారి పద్ధతి మేలు.