తన పాదము తనకు కనబడదు

ధ్యానమునకు: లేవీయకాండము 4వ అధ్యాయము, 1 కొరింథీయులకు 4:1–5, 2 తిమోతికి 2:5

తెలిసి చేసిన తప్పునకు శిక్ష న్యాయమేనని అందరును ఒప్పుకొందురు. తెలియక చేసిన తప్పు సంగతి యేమి? మనస్సాక్షి గద్దింపనప్పుడు, తాను నేరము చేసితినని ఒకడు ఎరుగనే ఎరుగనప్పుడు, వానిని దోషియని చెప్పుట న్యాయమా? ఈ ప్రశ్న వేదాంత పాఠశాలలలో మాత్రమే వినబడునది కాదు. సంఘములో తగవు తీర్చుటకు కూర్చుండిన ప్రతి కాపరియు ఈ మాట వినియే యుండును: "అయ్యగారూ, నేను ఆ ఉద్దేశముతో అనలేదండీ." ఆ మాట అనినవాడు నిజమే చెప్పుచున్నాడు. దానివలన గాయపడి మూల కూర్చుండి ఏడ్చుచున్నవాడును నిజమే చెప్పుచున్నాడు. ఈ రెండు నిజముల నడుమ న్యాయమెక్కడ నున్నది?

అపొస్తలుడైన పౌలు ఆత్మసంబంధమైన సంగతులను బోధించుటకు క్రీడాస్థలమునుండి ఉపమానములు తీసికొనెను. కొరింథు పట్టణమునకు సమీపముననే ఆ కాలమున గొప్ప క్రీడలు జరుగుచుండెను గనుక, ఆయన మాట అచ్చటివారికి సులభముగా బోధపడెను. ఆయన మాదిరినిబట్టి మనమును ఒక నడకగాని చరిత్రను ఆలోచింతము. ఆయన మెక్సికో దేశస్థుడు, పేరు బెర్నార్డో సెగూరా.

మొదట ఆ పందెమెట్టిదో తెలిసికొనవలెను. నడక పందెము పరుగు కాదు. దానికి రెండు నియమములు గలవు. నడచువాని పాదములు రెండును ఒక్కమారే నేలను విడిచినట్లు కంటికి కనబడరాదు, ఇది మొదటిది. ముందుకు వేసిన కాలు నేలను తాకినది మొదలుకొని, దేహము దానిమీదికి నిట్టనిలువుగా వచ్చువరకు, మోకాలు వంగరాదు, ఇది రెండవది. దారి పొడవున తీర్పరులు నిలిచి వట్టి కన్నులతో చూచుచుందురు. నియమము తప్పబోవుచున్నట్లు తోచినయెడల పసుపుపచ్చని పలక చూపి హెచ్చరింతురు. తప్పు స్పష్టముగా కనబడినయెడల ప్రధాన తీర్పరికి ఎఱ్ఱ చీటి పంపుదురు. ఒకడు మరియొకనితో ఆలోచించి చీటి వ్రాయడు. ఎవని కన్నునకు అతడే జవాబుదారి. ముగ్గురు వేర్వేరు తీర్పరుల చీటీలు చేరినయెడల నడచువాడు పందెమునుండి కొట్టివేయబడును. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటమీదనే సంగతి స్థిరపడవలెనన్న మోషే ధర్మశాస్త్రము మనకు జ్ఞప్తికి వచ్చును గదా.

మెక్సికో ప్రజలకు ఈ పందెము ఎంతో ప్రియమైనది. 1968లో తమ రాజధానిలోనే జరిగిన ఒలింపిక్ క్రీడలలో హోసే పెద్రాసా 20 కిలోమీటర్ల నడకలో వెండి పతకము సంపాదించెను. పోలెండు దేశమునుండి వచ్చిన జెర్జీ హౌస్లెబర్ అను శిక్షకుడు ఆ దేశపు యువకులను తీర్చిదిద్దెను. 1976లో మాంట్రియల్ నగరమందు డేనియల్ బౌతీస్తా బంగారు పతకము గెలిచెను. అదే బౌతీస్తా 1980లో మాస్కోలో, గమ్యము ఇంక ఎంతో దూరము లేదనగా, అందరికంటె ముందు నడచుచునే కొట్టివేయబడెను. 1984లో లాస్ ఏంజెలెస్‌లో ఎర్నెస్టో కాంటో, రౌల్ గొన్సాలెజ్ అను ఇద్దరు రెండు బంగారు పతకములు తెచ్చిరి. సెగూరా ఇట్టివారి అడుగుజాడలలో వచ్చినవాడు. 1994లో నార్వే దేశమందలి బెర్గెన్‌లో 20 కిలోమీటర్లను 1 గంట 17 నిమిషముల 25.6 సెకండ్లలో నడచి క్రీడాస్థలపు దారిమీద ప్రపంచ రికార్డు స్థాపించెను. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో కంచు పతకము పొందెను. 1999లో ప్రపంచ నడక కప్పును, విన్నిపెగ్‌లో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల బంగారు పతకమును గెలిచెను. ఇక మిగిలినది ఒలింపిక్ బంగారమే.

2000 సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన సిడ్నీ నగరములో ఆ పందెము జరిగెను. సెగూరా అందరికంటె ముందుగా గీత దాటెను. జనులు కేకలు వేసిరి. మెక్సికో దేశాధ్యక్షుడైన ఎర్నెస్టో సెదీయో టెలిఫోనులో ఆయనను అభినందించుచుండెను. ఆ సంభాషణ జరుగుచుండగానే ప్రధాన తీర్పరి వచ్చి ఎఱ్ఱ పలక చూపెను. మూడు చీటీలు చేరినవి. ఆ వార్త ఆయనకు అందునప్పటికి పందెము ముగిసియుండెను. బంగారు పతకము, 1 గంట 18 నిమిషముల 59 సెకండ్లలో వచ్చిన పోలెండు దేశస్థుడు రాబర్ట్ కొర్జెనియోవ్‌స్కీకి దక్కెను. తీర్పు మారలేదు.

ఆయన అడ్డదారిని వచ్చెననిగాని, మందులు పుచ్చుకొనెననిగాని నేరము మోపబడలేదు. నడక తీరులోనే తప్పు చూపబడెను. కిలోమీటరు నాలుగు నిమిషముల లోపల నడచువానికి, తన పాదము ఏ క్షణమున ఎంత లేచినదో ఎట్లు తెలియును? ఆయన దృష్టి ముందున్న దారిమీదను, ప్రక్కనున్న పోటీదారునిమీదను ఉండును. తన పాదము తనకు కనబడదు. అయిననేమి? అది తప్పు కాకపోవునా?

దీనికి దేవుని వాక్యము ఏమి చెప్పుచున్నదో చూతము.

మొదటిది, ఎట్లు చేరితిమన్నది ఎప్పుడు చేరితిమన్నదానికంటె ముఖ్యము. నియమమును తీసివేసినయెడల నడక పందెమే ఉండదు. మిగులునది చేతకాని పరుగు. మన తెలుగులో నడక, నడత, నడవడి అనునవి ఒక్క మూలమునుండి పుట్టిన మాటలు. పరిశుద్ధ గ్రంథమును ఈ తీరుగనే మాటలాడుచున్నది. హనోకు దేవునితో నడచెనని చదువుచున్నాముగాని, ఎంత దూరము నడచెనో, ఎంత వేగముగా నడచెనో చదువుట లేదు. మందిరము కట్టించితిమి, బాప్తిస్మములు ఇన్ని యిచ్చితిమి, బిడ్డలను పెద్ద ఉద్యోగములలో నిలిపితిమని లెక్కించుకొందుము. ఆ మందిరము కట్టునప్పుడు కూలివాని కూలి నిలిపితిమా? ఆ బిడ్డలను నిలుపుటకు ఎవని పొలపుగట్టు జరిపితిమి? గీత దాటిన ఆనందములో ఈ ప్రశ్నలు వినబడవు. నియమము తప్పి పోరాడినవానికి కిరీటము లేదని పౌలు తిమోతికి వ్రాసినది ఇందుకొరకే.

రెండవది, తెలియక చేసినదియు దోషమే. ఇశ్రాయేలీయులలో ఒకడు పొరబాటున ఆజ్ఞ మీరి, తరువాత అది తనకు తెలియబడినప్పుడు, "నాకు తెలియదుగదా" అని ఇంటికి పోవుటకు లేవీయకాండము సెలవియ్యలేదు. యాజకుడు మొదలుకొని సామాన్యునివరకు బలి తేవలసియుండెను. ఏలయనగా తెలియక విసరిన రాయియు తలను పగులగొట్టును. గాయమునకు ఉద్దేశముతో పని లేదు. అయితే అదే ధర్మశాస్త్రము, పొరబాటున చేసినదానిని గర్వముతో చెయ్యెత్తి చేసినదానినుండి వేరుపరచుచున్నది. మొదటిది దోషము, రెండవది ద్రోహము. దోషమునకు బలి నియమింపబడినది. కావున తెలియక తప్పినవానిని దేవుడు ద్రోహియని త్రోసివేయడు, నిర్దోషియని విడిచిపెట్టడు. తప్పు చూపించి, దానికి మందునుగూడ ఆయనే చూపును. తగవు తీర్చువారు ఇది నేర్చుకొనవలెను. "ఆ ఉద్దేశము లేదు" అనువానిని అబద్ధికుడనరాదు. "కావున క్షమాపణ అక్కరలేదు" అనియు చెప్పనియ్యరాదు. పౌలే తన మనస్సాక్షి తనమీద ఏ నేరమును మోపుట లేదని చెప్పి, అంతమాత్రమున తాను నీతిమంతుడుగా ఎంచబడడనియు, తన్ను విమర్శించువాడు ప్రభువేననియు ఒప్పుకొనెను. అంత గొప్ప అపొస్తలుడు తన పాదము తనకు కనబడదని ఎరిగియుండెను.

మూడవది, ఇక్కడ ఒకడు అడ్డుపడి, "తీర్పరులు మనుష్యులే గదా, వారి కన్ను పొరబడదా?" అని అడుగును. మంచి ప్రశ్నయే. బహు వేగముగా చిత్రములు తీయు యంత్రములతో చూచినప్పుడు, మొదటి తరగతి నడకగాండ్రలో అనేకుల పాదములు, సెకండులో కొన్ని నూరవ వంతుల కాలము, రెండును నేలను విడుచుచున్నట్లు కనబడినది. అందుచేతనే నియమము కంటికి కనబడినంతవరకే తప్పని చెప్పుచున్నది. యంత్రము చేతికి తీర్పునిచ్చినయెడల పతకము పొందువారు ఎందరు మిగులుదురు? చదువరులారా, మన దేవుని కన్ను ఆ యంత్రముకంటె సూక్ష్మమైనది. ఆయన మన దోషములను కనిపెట్టి లెక్కించినయెడల నిలువగలవాడెవడు? ఈ చోట మన నోరు మూతపడవలెను. "ఆయన కొట్టివేయబడెను, నేను నిలిచితిని" అని చెప్పుటకు మనలో ఎవనికిని హక్కు లేదు. తన పాదము ఒక్క క్షణమైనను నియమము తప్పని నడకగాడు ఒక్కడే. ఆయన గలిలయ దారులలో నడచి, గొల్గొతావరకు అదే నడతతో వెళ్లెను. ఆయన గెలిచిన కిరీటములో పాలు మనకు దొరకుట కృపయే.

అయితే కృప దొరకెనని నడత విడిచిపెట్టుదుమా? కొర్జెనియోవ్‌స్కీ చరిత్ర దీనికి జవాబు చెప్పుచున్నది. ఆయన 1992లో బార్సిలోనాలో 50 కిలోమీటర్ల పందెమున రెండవవాడుగా వచ్చి, క్రీడాస్థలపు ద్వారమునొద్ద కొట్టివేయబడెను. తరువాత 1996లో అట్లాంటాలో అదే పందెమున బంగారము గెలిచెను. 2000లో సిడ్నీలో 20, 50 కిలోమీటర్ల పందెములు రెండును గెలిచెను. 2004లో ఏథెన్సులో మరల 50 కిలోమీటర్ల పందెమున గెలిచెను. సిడ్నీలో సెగూరా పోగొట్టుకొన్న పతకమును అందుకొన్నది, ఎనిమిది సంవత్సరములక్రితము అదే ఎఱ్ఱ పలకను చూచిన మనుష్యుడు. కొట్టివేయబడిన దినము మనుష్యుని కడవరి దినము కానక్కరలేదు.

ఈ కాలమున ఆ పందెములో మరియొక యేర్పాటును చేసిరి. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో మూడు చీటీలు పొందినవానిని వెంటనే కొట్టివేయక, దారి ప్రక్కన నియమించిన స్థలములో కొంత సమయము నిలిపిరి; 20 కిలోమీటర్ల పందెమునకు రెండు నిమిషములు. ఇతరులు దాటిపోవుచుండగా అతడు ఊరక నిలువవలెను; పిమ్మట మరల నడువవచ్చును. నాలుగవ చీటి వచ్చినయెడలనే కొట్టివేత. దేవుడు తన బిడ్డలను శిక్షించునది ఇట్టిదే గదా. రోగపు మంచము, తప్పిపోయిన ఉద్యోగము, సంఘపు క్రమశిక్షణ — ఇవి మనలను నిలిపియుంచిన స్థలములు. అందరు ముందుకు పోవుచున్నారని అక్కడ ఏడ్వకుడి. నిలుపబడినవాడు ఇంకను పందెములోనే యున్నాడు.

కడపట ఒక మాట. నడకగాడు తరచుగా తప్పునది చివరి భాగములో, అలసటయు ఆతురతయు కలిసినప్పుడు. ఉజ్జియా బలము పొందిన తరువాత గర్వించెను. ఆసా వృద్ధాప్యమున హెచ్చరించిన దీర్ఘదర్శిని చెరలో వేయించెను. సొలొమోను హృదయము ముసలితనమున తిరిగెను. ఏబది యేండ్లు దాటిన మనవంటివారు, ముఖ్యముగా బోధకులు, ఇది మరువరాదు. ఇతరులకు ప్రకటించి తానే భ్రష్టుడగుదునేమోయని పౌలు భయపడెను. మనకు ఆ భయమేల లేదు? దారి ప్రక్కన పసుపుపచ్చని పలకలు మనకును చూపబడుచునే యున్నవి. భార్య మెల్లగా చెప్పిన మాట, కుమారుడు మనయెదుట మౌనముగా ఉండుట, మనకు గిట్టనివాడు నలుగురిలో అనిన మాట — వీటిలో ఏది తీర్పరి చేతిలోని పలకయో! దానిని చూపినవానిని పగవానిగా ఎంచకుడి. గీత దాటిన తరువాత, లోకపు పెద్దలు మనలను పొగడుచుండగా, ప్రభువు వచ్చి తాను మనలను ఎరుగనని చెప్పుటకంటె, దారిలోనే పలక చూచుట ఎంత మేలు!

ప్రభువా, మా పాదములు మాకు కనబడవు. నీవు చూచుచున్నావు. మేము తెలియక త్రొక్కినవారి గాయములను మాకు చూపుము. నిలువుమనిన చోట నిలుచుటకును, మరల నడువుమనినప్పుడు సరిగా నడచుటకును మాకు కృప దయచేయుము. ఆమేన్.