లోటు స్లైడు ముందు చూడమ్మా

ఆగు అమ్మలూ, ఒక్క నిమిషం ఆగు. భుజాన బ్యాగు వేసుకున్నావు, ఒక చెప్పు తొడుక్కున్నావు, రెండోది కాలితోనే వెతుక్కుంటున్నావు. నీ ల్యాబు ఎక్కడికీ పారిపోదులే. ఇంక్యుబేటర్లో నీ కణాలు నీకంటే ఓపిగ్గా కూర్చుంటాయి. ఇలా గుమ్మంలోనే ఒక మాట విని వెళ్ళు.

రాత్రి ఫోన్లో బొమ్మ చూపించావు కదా. హీలా కణం, మధ్యలో నీలంగా కేంద్రకం, దాన్ని ఆనుకుని రిబ్బను మడత పెట్టినట్టు గాల్జీ. గాల్జీ ప్రోటీన్లలో జీఎం130 ఆకుపచ్చ, టీజీఎన్46 ఎరుపు, రెండూ కలిపి చూస్తే అంతా పసుపు. "చూడు పెద్దమ్మా, రెండూ ఒక్క చోటే ఉన్నాయి, గైడుకి మెయిల్ పెట్టేస్తున్నా" అన్నావు. బాగుంది అన్నాను. నిజంగానే బాగుంది. మరీ అంత బాగున్నందుకే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. "లోటు స్లైడు చూశావా?" అని అడిగితే నువ్వు "రేపు చేస్తాలే" అన్నావు. ఆ "రేపు" గురించే ఈ గొడవంతా.

లోటు స్లైడంటే నీకు తెలుసు, నేనే పెట్టిన పేరది. అన్నీ వేసి, ఏదో ఒక్కటి కావాలని వేయకుండా వదిలేసిన స్లైడు. ప్రోటీన్ని పట్టుకునే ప్రైమరీ యాంటీబాడీ లేకుండా, ఆ ప్రైమరీని పట్టుకుని రంగు చూపించే సెకండరీ మాత్రమే వేసింది ఒకటి. ఒక ప్రైమరీ మాత్రమే వేసి, సెకండరీలు రెండూ వేసింది ఒకటి, రెండో ప్రైమరీతో అలాంటిదే ఇంకొకటి. అసలేమీ వేయని ఉత్త కణాలు ఒకటి. నాలుగే నాలుగు గాజు ముక్కలు. వాటికి పట్టే టైము నువ్వు క్యాంటీన్లో టీ తాగే టైముకంటే ఎక్కువుండదు. కానీ అందమైన స్లైడు పక్కన ఈ బోడి స్లైడ్లు చేయాలంటే మనసొప్పదు, నాకు తెలుసు. నాకూ ఒప్పలేదు ఒకప్పుడు.

నా కథ చెప్తాను విను. ఇదివరకు చెప్పానంటావా, మళ్ళీ విను. అప్పటికి ల్యాబులో చేరి రెండేళ్ళు. ఎలుకలో తయారైన జీఎం130 యాంటీబాడీ, గొర్రెలో తయారైన టీజీఎన్46 యాంటీబాడీ, రెండూ కలిపి వేశాను. సెకండరీలు ఫ్రీజులో ఏవి చేతికందితే అవి తీశాను. ఎలుక యాంటీబాడీని పట్టుకునేది మేకలో చేసింది, ఆకుపచ్చ రంగుది. గొర్రె యాంటీబాడీని పట్టుకునేది గాడిదలో చేసింది, ఎర్ర రంగుది. కాన్ఫోకల్ కింద చూస్తే నీ బొమ్మలాగే అంతా పసుపు. ఎగిరి గంతేశాను. మూడు నెలలు ఆ పసుపు మీదే బతికాను, లెక్కలు కట్టాను, పోస్టరు కూడా వేశాను.

ఒకరోజు మా ల్యాబులో ఒక పెద్దాయన పోస్టరు ముందు నిలబడి, "ఎలుక ప్రైమరీ ఒక్కటే వేసి సెకండరీలు రెండూ వేసిన స్లైడు ఏదమ్మా?" అని అడిగాడు. లేదు. ఆ సాయంత్రమే చేశాను. గొర్రె యాంటీబాడీ బొట్టు కూడా తగలని స్లైడులో గాల్జీ ఎర్రగా వెలుగుతోంది! ఎలా? గొర్రెని పట్టుకోవాల్సిన సెకండరీ వెళ్ళి మేకని పట్టుకుంది. గొర్రె, మేక దగ్గర చుట్టాలు, వాటి యాంటీబాడీలూ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. నా ఆకుపచ్చ సెకండరీ మేకదే కదా, దాని మీదెక్కి కూర్చుంది ఎరుపు. నేను చూసిన పసుపంతా నా రెండు సెకండరీలు ఒకదాన్నొకటి కావలించుకున్న పసుపే. పక్కన ప్రైమరీ లేని స్లైడు పెట్టాను కదా అని నేనూ ధైర్యంగానే ఉన్నాను. ఎలుక ప్రైమరీయే లేకపోతే మేక సెకండరీకి కూర్చునే చోటు లేదు, మేక లేకపోతే ఎరుపుకీ చోటు లేదు. అందుకే ఆ స్లైడు చీకటిగా ఉండి నన్ను ఇంకా మోసం చేసింది. ఒక్క లోటు చాలదమ్మా, ఏ లోటుకి ఆ లోటే పెట్టాలి.

మా ఊళ్ళో మందలు తోలే పిల్లాడు దూరం నుంచే చెప్పేవాడు, తోక పైకెత్తింది మేక, కిందికి వేలాడేది గొర్రె అని. యాంటీబాడీకి ఆ తోక కనపడదు. చూసుకోవాల్సింది నువ్వే. గొర్రె ప్రైమరీ వేసినప్పుడు సెకండరీలన్నీ గాడిదలో తయారైనవే తీసుకో, మిగతా జంతువుల యాంటీబాడీలకి అంటకుండా వడకట్టినవి తీసుకో. సీసా మీద చీటీ చదువు. ఏ జంతువులో చేశారు, ఏ జంతువుని పట్టుకుంటుంది, లాట్ నంబరెంత. చదివి నోటుబుక్కులో రాసుకో. పెళ్ళి సంబంధానికి అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు అడుగుతారే మనవాళ్ళు, ఒక సీసాకి రెండు తరాలు అడగలేవా?

ఇంకో సంగతి. గాల్జీ అంటే ఏమిటో ఒకసారి గుర్తు తెచ్చుకో. పెళ్ళింట్లో సారె సర్దే గది లాంటిది. వంటింట్లోంచి ప్రోటీన్లు ఒక తలుపులోంచి లోపలికొస్తాయి. లోపల వాటి చక్కెర గొలుసులు కొన్ని కత్తిరిస్తారు, కొన్ని తగిలిస్తారు. ఎవరింటికి ఏది వెళ్ళాలో చీటీ కట్టి రెండో తలుపులోంచి పంపిస్తారు. జీఎం130 ఉండేది వచ్చే తలుపు దగ్గర. టీజీఎన్46 ఉండేది వెళ్ళే తలుపు దగ్గర, పైగా అది కుదురుగా ఉండదు, కణం అంచుదాకా వెళ్ళి వస్తూంటుంది. ఆ రెండు తలుపులూ అచ్చంగా ఒకదాని మీద ఒకటి ఎలా ఉంటాయి? మామూలు కాన్ఫోకల్ 200 నానోమీటర్లకంటే దగ్గరున్నవాటిని విడదీయలేదు కాబట్టి కొంత పసుపు రావడం సహజమే. చుక్క చుక్కకీ పసుపే వస్తే మాత్రం సంతోషపడకు, సందేహపడు. నమ్మకం కుదరకపోతే నోకోడజోల్ వేసి చూడు. మైక్రోట్యూబ్యూళ్ళు కరిగిపోయి ఆ రిబ్బను చిన్నచిన్న కట్టలుగా విడిపోతుంది. అప్పుడు ఒక్కో కట్టలో ఆకుపచ్చా ఎరుపూ పక్కపక్కన నిలబడి కనిపిస్తాయి. బ్రెఫెల్డిన్ వేస్తే గాల్జీ ఎంజైములు తిరిగి వంటింట్లోకే, అదే ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలోకే వెళ్ళిపోతాయి, జీఎం130 మాత్రం చుక్కలు చుక్కలుగా మిగులుతుంది. మందు వేసినా నీ బొమ్మలో ఏదీ కదలకపోతే అది గాల్జీయేనా అని మొదట నిన్ను నువ్వే అడుగు.

ఇక నీ చేతిపని గురించి. కోపం తెచ్చుకోకు. ఫిక్స్ చేయడమంటే పాలు తోడుపెట్టినట్టు. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో, అదే పీఎఫ్ఏలో, పది, పదిహేను నిమిషాలు చాలు. తక్కువైతే నీళ్ళ పెరుగు. ఫోన్ మాట్లాడుతూ గంట వదిలేస్తే పులిసిపోయి, యాంటీబాడీ పట్టుకోవాల్సిన చోటే మూసుకుపోతుంది. కొన్ని యాంటీబాడీలకి చల్లటి మెథనాలే ఇష్టం, సీసాతో వచ్చిన కాగితంలో ఉంటుంది, ఆ కాగితం పారేయకు. పీఎఫ్ఏ పొగ పీల్చకు, హుడ్‌లోనే పని చేసుకో. మీ అమ్మ నిన్ను కని పెంచింది ఆ పొగకి అప్పజెప్పడానికి కాదు.

ట్రైటాన్ వేసేది కణం తలుపు తీయడానికి. తలుపు తీయమంటే గోడ పడగొట్టకు. సపోనిన్ వాడితే ఇంకో జాగ్రత్త, అది తీసిన తలుపు మళ్ళీ మూసుకుంటుంది, అందుకని తర్వాతి ద్రావణాలన్నిటిలోనూ అది ఉండాలి. బ్లాకింగంటే పందిట్లో ఖాళీ కుర్చీల్లో మనవాళ్ళని ముందే కూర్చోబెట్టడం, లేకపోతే యాంటీబాడీ దారిన పోయే దానయ్యలా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటుంది. అరగంట ఆగమంటే అరగంట ఆగు. వాష్ మూడుసార్లంటే మూడుసార్లే, ఒక్కోటి ఐదు నిమిషాలు. బియ్యం ఒక్కసారి కడిగి వార్చేస్తే అన్నం ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? మధ్యలో కవర్‌స్లిప్ ఆరనివ్వకు. ఆరిన అంచుల్లో వెలిగేదంతా ఉత్త మెరుపే, అందులో జీవం లేదు.

యాంటీబాడీ ఎక్కువేస్తే బాగా కనిపిస్తుందనుకుంటావు. కూరలో ఉప్పు ఎక్కువేస్తే బాగుంటుందా? కొత్త సీసా తెచ్చినప్పుడల్లా నూటికి ఒకటి, రెండొందలకి ఒకటి, ఐదొందలకి, వెయ్యికి ఒకటి కలిపి రుచి చూడు. రాగానే చిన్నచిన్న ట్యూబుల్లో పంచి దాచుకో. ప్రతిసారీ గడ్డకట్టించి, ప్రతిసారీ కరిగిస్తే అది చచ్చిపోతుంది. ఆ సీసా వెనక ఒక కుందేలో గొర్రో ఉందమ్మా, దాని రక్తం అది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఒలకబోయకు.

నీ హీలా కణాల వెనక అయితే మనిషే ఉంది. హెన్రియెటా లాక్స్, అమెరికాలో ఐదుగురు పిల్లల తల్లి, 1951లో కేన్సరుతో పోయింది. ఆవిడకి చెప్పకుండానే తీసిన కణాలవి. ఆ కణాలు ప్రపంచమంతా పెరుగుతున్నాయని ఇంట్లోవాళ్ళకి ఇరవై ఏళ్ళు దాటాక గానీ తెలియలేదు. రోజూ ఉదయం ఫ్లాస్కు తీసేటప్పుడు ఒక్క క్షణం ఆ తల్లిని తలుచుకో. తలుచుకున్న చెయ్యి తొందరపడదు, అబద్ధం చెప్పదు.

అబద్ధమంటే గుర్తొచ్చింది. వంద కణాల్లో అందమైన ఒక్క కణాన్ని ఎంచుకుని ఫొటో తీయడం కూడా అబద్ధమే. విభజనలో ఉన్న కణంలో గాల్జీ ముక్కలై చెదిరిపోతుంది, అది దాని ధర్మం. కణాలు మరీ కిక్కిరిసిపోయినా, నీరసించినా చెదురుతుంది. దాన్ని చూసి జబ్బు అని రాయకు. లోటు స్లైడుకీ అసలు స్లైడుకీ లేజరు, గెయిను ఒక్కలాగే పెట్టు. లోటు స్లైడులో వెలుగు తగ్గించి, అసలు దాంట్లో పెంచితే ఎవరిని మోసం చేసినట్టు? మీ గైడుని కాదు, రేపు నీ పేపరు చదివి ఏడాది పాటు అదే ప్రయోగం చేసే ఇంకో అమ్మాయిని. ఆ అమ్మాయికీ ఇంట్లో ఎదురుచూసే అమ్మ ఉంటుంది.

కమిలో గాల్జీ సంగతి చూడు. 1898లో ఇటలీలోని పావియాలో గుడ్లగూబ మెదడు కణాల్లో వెండి రసాయనంతో ఈ గాల్జీని ఒక వలలా చూశాడు. ఆ రంగు ఒకసారి వచ్చేది, ఒకసారి వచ్చేది కాదు. అందుకని అది నిజం కాదు, రంగు చేసిన మాయ అని సగం శతాబ్దం పాటు అనుమానించారు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశాక గానీ గొడవ తీరలేదు. ఆయన చూసింది నిజమే. నిజం చూసినవాడినే యాభై ఏళ్ళు అనుమానించారంటే, నువ్వూ నేనూ ఎంత? లోకం అనుమానించేలోపు మనమే అనుమానించుకోవాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నీ ఇల్లు ఆ నాలుగు లోటు స్లైడ్లే.

నీ పసుపు తప్పని నేననడం లేదు. గాడిద సెకండరీలే వేసి ఉండొచ్చు, నీ బొమ్మ నిజమే కావచ్చు. కానీ "కావచ్చు" మీద మెయిల్ పెట్టకు. ఈరోజు లోటు స్లైడ్లు చెయ్యి. ముందు వాటినే చూడు, అసలు స్లైడు తర్వాత. ముందు అందం చూసేస్తే కన్ను దానికి బానిసైపోతుంది, ఇక లోటులో తప్పు కనపడ్డా కనపడనట్టే ఉంటుంది.

అదుగో, చెప్పు గుమ్మం పక్కనే ఉంది. డబ్బాలో పులిహోర పెట్టాను, మధ్యాహ్నం తిను. ప్రైమరీ వేశాక గంట ఖాళీయే కదా, తిన్నావని ఫోన్ చెయ్యి. సాయంత్రం వచ్చాక నాకు రంగుల బొమ్మ చూపించకు. ఒక్క ప్రైమరీయే వేసిన స్లైడులో రెండో రంగు చోటు నల్లగా, ఏమీ కనిపించని ఫొటో తీసుకురా. అది చూసి నిద్రపోతాను.