నింద నాది, శిక్ష ఆవిడదా?



ఈ వారం వీడియోలో శమంతకమణి కథ చెప్పుకున్నాం కదా. ప్రతి వినాయక చవితికీ అక్షింతలు చేతిలో పట్టుకుని మనందరం వినే కథే. "నీలాపనిందలు" అనే మాట మనలో చాలామందికి ఆ కథతోనే పరిచయం. స్క్రిప్ట్ రాసుకుంటున్నప్పుడు నా సొంత విషయం ఒకటి పదే పదే గుర్తొచ్చింది. కెమెరా ముందు చెప్పడానికి ధైర్యం చాల్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది మధురవాడ. కింద అమ్మా నాన్నా, నేనూ ఉంటాం. మేడ మీద రెండు గదుల పోర్షన్‌ని ఒక యాప్‌లో పెట్టి, రోజుల లెక్కన అద్దెకి ఇస్తున్నాం. ఋషికొండ బీచ్‌కి వచ్చేవాళ్ళు, సింహాచలం దర్శనానికి వచ్చే కుటుంబాలు, పీఎం పాలెం స్టేడియంలో మ్యాచ్ ఉంటే క్రికెట్ పిచ్చోళ్ళు, ఇలా అందరూ వస్తుంటారు. పోర్షన్ శుభ్రం చేసేది ఒక అక్క. బీచ్ రోడ్డు వైపు ఉన్న జాలరి పల్లె నుంచి వస్తుంది. ఇంట్లో మగవాళ్ళు వేటకి వెళతారు, అత్తగారు చేపలు అమ్ముతుంది. అక్క తుడిచాక గ్యాస్ స్టవ్‌లో మన ముఖం కనిపిస్తుంది. పని అయ్యాక ప్రతి గదికీ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపడం ఆవిడ అలవాటు.

ఒకసారి సింహాద్రి అప్పన్న దర్శనానికని ఒక కుటుంబం వచ్చింది. మర్యాదగానే ఉన్నారు. రెండో రోజు పొద్దున్న అక్క టవళ్ళు మార్చడానికి వెళితే, వాళ్ళలో పెద్దావిడ "మీరేవిట్లమ్మా?" అని అడిగారట. అక్క ఉన్న మాట చెప్పింది. వాళ్ళు వెళ్ళిపోయిన కొన్నాళ్ళకి రివ్యూ బయటికి వచ్చింది. రెండు స్టార్లు. ఇల్లు బాగుందట, కానీ పనిచేసేది చేపలవాళ్ళ మనిషట, అలాంటి చెయ్యి పడిన వంటింట్లో పాలు కూడా కాచుకోలేకపోయారట, ఆచారం ఉన్న కుటుంబాలు ఆలోచించుకోవాలట. శుభ్రతకి ఇచ్చింది ఒక్క స్టార్.

అప్పటికి మాకు ఉన్నవి పదకొండు రివ్యూలు, అన్నీ అయిదు స్టార్లే. పన్నెండోది రెండు స్టార్లు అయ్యేసరికి సగటు 4.75కి పడింది. మేం వాడే యాప్‌లో పేరు పక్కన ప్రత్యేక గుర్తింపు ఉండాలంటే 4.8 ఉండాలి. బయటివాళ్ళకి ఇది పిచ్చి లెక్కలా అనిపించొచ్చు. మేడ మీద గదులకి తీసుకున్న అప్పు వాయిదా ఆ లెక్క మీదే నడుస్తోంది మరి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాళ్ళని కడిగిపారేస్తూ ఒక పేజీడు జవాబు రాశాను, మళ్ళీ చెరిపేశాను. పొద్దున్న అమ్మ మెల్లగా అంది: "గెస్టులు ఉన్నప్పుడు దాన్ని పైకి రావద్దని చెప్పరా. వాళ్ళు వెళ్ళాక వచ్చి చేసుకుంటుంది. ఎవరి మనసూ కష్టపెట్టినట్టు ఉండదు."

నాకూ అదే తెలివైన దారిలా అనిపించింది. అక్కకి ఫోన్ చేసి, ఇకనుంచి గెస్టులు ఖాళీ చేశాకే రమ్మన్నాను. కారణం చెప్పలేదు. రెండు క్షణాలు ఆగి ఆవిడ అడిగింది: "నా పని బాగోలేదేటి బాబూ? బాగోపోతే సెప్పు, మళ్ళీ తుడిసేత్తాను."

ఏదో మీటింగ్ ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఇది జరిగిన కొద్ది రోజులకే శమంతకమణి స్క్రిప్ట్ ముందు కూర్చున్నాను. కథ మీకు తెలుసు. ప్రసేనుడు మణి వేసుకుని వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. కృష్ణుడే చంపి మణి తీసుకున్నాడని సత్రాజిత్తు అనుమానించాడు, ఊరంతా గుసగుసలు. అప్పుడు కృష్ణుడు "నేను దేవుణ్ణి, నాకేంటి" అని ఊరుకోలేదు. సత్రాజిత్తు ఇంటి ముందు నిలబడి అరవనూ లేదు. ఊళ్ళోవాళ్ళని వెంటబెట్టుకుని అడవికి వెళ్ళాడు. ప్రసేనుణ్ణి సింహం చంపిందని, ఆ సింహాన్ని జాంబవంతుడు చంపాడని ఆనవాళ్ళతో సహా చూపించాడు. గుహలో ఇరవై ఎనిమిది రోజులు పోరాడి మణి తెచ్చాడు. రాజుగారి ముందే సత్రాజిత్తుని పిలిపించి, జరిగింది చెప్పి, మణి అతనికే ఇచ్చేశాడు. తర్వాత సత్రాజిత్తు సిగ్గుపడి సత్యభామతో పాటు మణినీ ఇవ్వబోతే, మణి మాత్రం వద్దన్నాడు.

ఇందులో నాకు మూడు పనులు కనిపించాయి. నిజం వెతికి అందరికీ కనిపించేలా పెట్టాడు. ఒక్కసారి చెప్పి ఆపేశాడు. నింద వేసినవాడి సొమ్ము మీద చెయ్యి వెయ్యలేదు. అన్యాయమైన రివ్యూకి ఇంతకన్నా మంచి పద్ధతి ఉండదనుకుని నోట్‌బుక్‌లో గొప్పగా రాసుకున్నాను కూడా.

కానీ ఒక తేడా దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆ కథలో నింద పడింది కృష్ణుడి మీద. అడవికి వెళ్ళింది, దెబ్బలు తిన్నది కూడా కృష్ణుడే. నా కథలో రివ్యూ పడింది నా పేరు మీద. పని వేళలు పోయింది మాత్రం అక్కకి. నా స్టార్లు నిలబెట్టుకోవడానికి ఆవిణ్ణి దాచేశాను. వాళ్ళు రివ్యూలో అడిగింది నేనే చేసిపెట్టాను.

మనం తరచూ చెప్పుకుంటాం, గీతలో పన్నెండో అధ్యాయం భక్తుడు నిందనీ స్తుతినీ సమానంగా చూడాలని చెబుతుందని. నిజమే. అయితే అది నా మీద పడిన నింద గురించి. పక్క మనిషి మీద పడిన నిందని కూడా చిరునవ్వుతో తీసుకుంటే, దాన్ని సమత్వం అనలేం. మనకి నొప్పి లేదు కాబట్టి ఊరుకున్నాం, అంతే.

"మరి వాళ్ళ ఆచారం వాళ్ళది కదా, మడి పాటించకూడదా?" అని మీరు అడగొచ్చు. నేనూ చాలా ఆలోచించాను. అప్పుడు గుర్తొచ్చింది గుహుడు.

రామాయణంలో వనవాసానికి బయలుదేరిన రాముడికి గంగ ఒడ్డున శృంగిబేరపురంలో ఆతిథ్యం ఇచ్చింది నిషాదుల రాజు గుహుడు. రకరకాల ఆహారం, పడకలు, గుర్రాలకి మేత అన్నీ తెచ్చి ముందు పెట్టాడు. రాముడు ఆ ఆహారం తినలేదు. వనవాస నియమంలో ఉన్నాను, ఏదీ తీసుకోకూడదు, గుర్రాలకి మేత ఇస్తే చాలన్నాడు. అయితే ఆ మాట చెప్పేముందే గుహుణ్ణి రెండు చేతులా కౌగిలించుకున్నాడు. తన నియమాన్ని తను వదులుకోలేదు, గుహుణ్ణి తక్కువ చెయ్యలేదు. నియమం రాముడి ఒంటి మీద ఉంది, గుహుడి మీద మచ్చగా పడలేదు.

ఆ కుటుంబం ముందే ఫోన్ చేసి "మేం మడిగా వండుకుంటాం, మా గిన్నెలు మేమే తోముకుంటాం" అని ఉంటే సంతోషంగా సర్దేవాణ్ణి. అది వాళ్ళ నియమం. ఒక మనిషి పుట్టుకని తీసుకెళ్ళి శుభ్రత కింద ఒక స్టార్‌గా వెయ్యడం నియమం కాదు.

ఇది మన ఒక్క ఊరి జబ్బే కాదు. 2015లో హార్వర్డ్ పరిశోధకులు అమెరికాలోని అయిదు నగరాల్లో ఎయిర్‌బీఎన్‌బీ హోస్టులకి ఒకేలాంటి రిక్వెస్టులు పంపారు, పేర్లు మాత్రమే మార్చారు. నల్లజాతివాళ్ళవి అనిపించే పేర్లకి ఒప్పుకునే అవకాశం సుమారు 16 శాతం తక్కువగా తేలింది. అక్కడ తూకం వేసింది గెస్టులు కాదు, నాలాంటి హోస్టులు. అది చదివాక నా ఫోన్‌లో పాత బుకింగ్‌లు తిరగేశాను. ఇంటిపేరు చూసి, ఒక రకం వాళ్ళయితే వెంటనే "ఓకే" కొట్టి, ఇంకొక రకం వాళ్ళని నాలుగు ప్రశ్నలు అడిగిన సందర్భాలు నావీ ఉన్నాయి. "మీరేవిట్లు?" అని నోటితో అడగలేదు, అంతే తేడా.

మర్నాడు అక్కని ఇంటికి రమ్మన్నాను. రివ్యూ చదివి వినిపించాను. ఎందుకు రావద్దన్నానో చెప్పి, తప్పయిందన్నాను. ఆవిడ కాసేపు కొంగు సర్దుకుంటూ ఉండిపోయింది. తర్వాత అంది: "సేపలోలమని రాసేరా? సేపలోలమే గదా బాబూ. అందులో అబద్దమేటుంది? మురికిగా ఉందన్నారు సూడు, అదీ అబద్దం."

నేను పేజీడు రాసి చెప్పలేనిది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది. జవాబు అలాగే పెట్టాను: "మా పోర్షన్ శుభ్రం చేసే ఆవిడ జాలరి కుటుంబం నుంచి వచ్చారు, ఆవిడ మా ఇంటి మనిషి. మీరు దిగిన రోజు తీసిన ఫోటోలు మా దగ్గర ఉన్నాయి. మడిగా వండుకునేవారు ముందే చెబితే ఏర్పాటు చేస్తాం." అంతే. పక్షపాతంతో రాసిన రివ్యూ అని యాప్‌కి ఫిర్యాదు చేశాను, కానీ వాళ్ళు తీసెయ్యలేదు. ఆ కుటుంబం ఇల్లు పద్ధతిగా ఉంచి వెళ్ళారని వాళ్ళ గురించి నేను ముందే రాసిన మాట ఉంది. అది నిజం కాబట్టి అలాగే వదిలేశాను.

రేటింగ్ ఇంకా 4.8 దాటలేదు. ఒకరిద్దరు ఆ రివ్యూ చదివే వెనక్కి తగ్గి ఉంటారు. అక్క మాత్రం గెస్టులు ఉన్నా ఉదయం తొమ్మిదికి ముందు మెట్ల మీదుగానే పైకి వెళుతోంది. అమ్మ మొదట రెండు రోజులు మూతి ముడిచింది. ఇప్పుడు ఆవిడకి కాఫీ కలిపి తనే పైకి పంపిస్తోంది.

మీలో చాలామంది ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్లలో, యాప్‌లలో ఎవరో ఒకరికి రోజూ స్టార్లు వేస్తూనే ఉంటారు, మీకూ ఎవరో వేస్తూ ఉంటారు. ఈసారి అన్యాయమైన మాట పడినప్పుడు జవాబు రాసేముందు ఒక్కసారి చూసుకోండి: ఈ మాట వల్ల నిజంగా నష్టపోతున్నది నేనేనా, లేక నా వెనక నిలబడ్డ ఇంకొకరా?

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. అప్పన్న స్వామి మనందరినీ చల్లగా చూడాలి.