సద్భావము చాలునా? – బ్యాంకుల పతనము, కావలివారి పూచీ

పరుల ధనమును హరించినవానిని దండింపవలెననుటలో ఎవ్వరికిని అభిప్రాయభేదము లేదు. కాని ఆ ధనమునకు కావలి కాయుటకై నియమింపబడి, కావలి కాయక పోయినవాని మాటయేమి? అతడు దొంగతో పాలు పంచుకొనలేదు, లంచము తినలేదు, చూడవలసిన సమయమున చూడలేదు, అంతియే. అట్టివాడు సమాధానము చెప్పవలసినవాడా, కాడా? బ్యాంకు కూలిన ప్రతి పర్యాయమును ఈ ప్రశ్న పైకి వచ్చి, కొలది కాలమునకే మరుగున పడుచున్నది. గుమాస్తాగా జీవితము గడపిన మాకు శాస్త్రపాండిత్యము లేదు గాని, ఒరుల సొమ్మునకు లెక్క వ్రాయుట యన నేమో కొంత తెలియును. ఆ కొంచెముతోనే ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

మద్రాసు తెలుగువారికిని రాజధానిగా నున్న దినములలో అచట అర్బత్నాట్ కంపెనీ యను ఆంగ్లేయుల వర్తకసంస్థ యుండెను. 1810లో స్థాపింపబడిన ఆ సంస్థ వర్తకముతో బాటు బ్యాంకు వ్యాపారమును గూడ సాగించి, జనులు దాచుకొన్న సొమ్మును డిపాజిట్లుగా గైకొనుచుండెను. పేరు పెద్దది, నమ్మకమును పెద్దదే. 1906 అక్టోబరు 22వ తేదీన అది చెల్లింపులు నిలిపివేసెను. లండనులోని భాగస్వామి ఆత్మహత్య చేసికొనెను. మద్రాసులోని ముఖ్యుడు సర్ జార్జి అర్బత్నాట్‌కు 18 మాసముల కఠినశిక్ష విధింపబడెను. ఆ దెబ్బ తినిన పట్టణమునందే, వి. కృష్ణస్వామయ్యరు ప్రభృతుల పూనికతో 1907లో ఇండియన్ బ్యాంకు వెలసినది.

ఇచట గమనింపవలసిన సంగతి యొకటి కలదు. నాడు రిజర్వు బ్యాంకు లేదు. అది 1935లో వచ్చినది. బ్యాంకుల నదుపులో నుంచు సమగ్రశాసనము లేదు. అది 1949లో వచ్చినది. కావున పూచీ యంతయు సంస్థను నడపినవాని మీదనే నిలిచెను. సొమ్ము పోయినవాడు ఎవనివైపు వ్రేలు చూపవలెనో వానికి తెలిసియుండెను.

ఇప్పుడు కావలివారు పెక్కురు. అందుచేత వ్రేలు చూపుటయే కష్టమైనది. పంజాబ్ అండ్ మహారాష్ట్ర కోఆపరేటివ్ బ్యాంకు సంగతి మహారాష్ట్రమునందలి మన సోదరులకు వేరుగ చెప్పనక్కరలేదు. 137 శాఖలు, 11,000 కోట్ల రూపాయలకు మించిన డిపాజిట్లు గల ఆ బ్యాంకుపై 2019 సెప్టెంబరు 23వ తేదీన రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించెను. ఖాతాదారుడు తన సొమ్ములో నుండి తీసికొనదగినది మొట్టమొదట 1,000 రూపాయలు మాత్రమే! కూతురి పెండ్లికని దాచినవాడును, శస్త్రచికిత్సకని దాచినవాడును ఒకే వరుసలో నిలిచి ఆ వేయి రూపాయలు పుచ్చుకొనవలసి వచ్చెను. తరువాత ఆ పరిమితి 10,000 గను, 25,000 గను, క్రమముగా లక్షగను పెరిగినది. బ్యాంకు ఇచ్చిన అప్పులలో నూటికి డెబ్బది వంతులకు మించి ఒకే గృహనిర్మాణ వ్యాపారసమూహమునకు చేరినవని బయల్పడినది. ఆ సంగతిని కప్పుటకు 21,049 బూటకపు ఖాతాలు సృష్టింపబడినవని పోలీసు ఫిర్యాదులో నున్నది. 1,000 కాదు, 2,000 కాదు, ఇరువదియొక్క వేలు. లెడ్జరు పని చేసినవారు ఒక్క క్షణము ఆగి ఈ అంకెను తలపోయవలెను. పది బూటకపు పద్దులను దాచుటయే యెంత కష్టమో మాబోటివారికి తెలియును.

కంచె చేను మేసెనని మా యారోపణ కాదు. కంచె నిలిచియే యుండగా పశువు ఏండ్ల తరబడి మేసెను. అడిగినచో రిజర్వు బ్యాంకు పక్షమున ఒక సమాధానము వచ్చును: సహకారబ్యాంకులకు యజమానులు ఇద్దరు, సంఘముల రిజిస్ట్రారు ఒకరు, రిజర్వు బ్యాంకు ఒకరు; చూపిన కాగితములే బూటకములైనప్పుడు తనిఖీ చేయువాడేమి కనిపెట్టగలడు? ఇందులో నిజము లేకపోలేదు. 2020లో పార్లమెంటు బ్యాంకింగు చట్టమును సవరించి సహకారబ్యాంకులపై రిజర్వు బ్యాంకునకు అధికారము పెంచినది. అనగా లోపమున్నదని ఒప్పుకొనుటయే గదా. కాని బూటకపు కాగితములను కనిపెట్టుటకే తనిఖీ యేర్పడినది. నిజమైన కాగితములను చదువుటకు తనిఖీదారు ఏల?

మేము పనిచేసిన కార్యాలయములలో వోచరు మీద మూడు సంతకము లుండెడివి: వ్రాసినవానిది, సరిచూచినవానిది, మంజూరు చేసినవానిది. సాయంకాలమున రొక్కము పది రూపాయలు తగ్గినచో రొక్కపు గుమాస్తా తన జేబులోనుండి తీసి పెట్టి ఇంటికి పోవలసినదే. ఆ పది రూపాయలు అతడు దొంగిలించెనని యెవరును అనలేదు. అతని సద్భావమును గూర్చి యెవరును విచారింపలేదు. లెక్క తగ్గినది, కావున పెట్టవలెను. సరిచూచి సంతకము పెట్టినవానిని మాత్రము పిలిచి, నీవు చూచినదేమి యని అడిగినవారిని మేము మిక్కిలి అరుదుగా చూచితిమి. పది రూపాయల వద్ద ఇంత కఠినమైన ధర్మము, వేలకోట్ల వద్దకు చేరునప్పటికి ఇంత మెత్తబడుట యెట్లు?

మెత్తబడుటకు చట్టమునందే తావున్నది. బ్యాంకింగు చట్టము 54వ సెక్షను ప్రకారము సద్భావముతో చేసిన పనికి రిజర్వు బ్యాంకు మీదగాని, దాని యధికారుల మీదగాని దావా చెల్లదు. ఈ సద్భావమన నేమి? మన దేశపు చట్టములు దీనికి రెండు అర్థములు చెప్పుచున్నవి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టము, నిజాయితీతో చేసినదైనచో అజాగ్రత్తతో చేసినను సద్భావమే యనుచున్నది. శిక్షాస్మృతి యట్లు గాదు. పాత శిక్షాస్మృతి 52వ సెక్షనును, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయు, తగిన జాగ్రత్తయు శ్రద్ధయు లేక చేసినది సద్భావము కానేరదనుచున్నవి. ఒకే మాట, ఒక చట్టమున శ్రద్ధ లేకున్నను చెల్లును, మరొక చట్టమున శ్రద్ధ లేనిచో చెల్లదు. న్యాయవాదులు ఏది ఎచట వర్తించునో చెప్పగలరు. ధర్మవిచారణలో మాత్రము మేము రెండవ యర్థము వైపే మొగ్గుదుము. తన సొమ్మును తాను అజాగ్రత్తగా చూచుకొనువాడు అమాయకుడు కావచ్చును. పరుల సొమ్మునకు కాపుండి జీతము గైకొనువానికి శ్రద్ధయే నిజాయితీ. శ్రద్ధను తీసివేసినచో అతని నిజాయితీలో మిగులునదేమియో మాకు తోచదు.

దీనికి గట్టి ఆక్షేపణ యొకటి కలదు. దానిని దాచుట న్యాయము గాదు. ప్రతి పతనమునకును అధికారిని బోనులో నిలిపినచో, భయపడిన అధికారి ఏ బ్యాంకునకును ఊపిరి పీల్చుకొన నీయడు. బలహీనమైన బ్యాంకును గూర్చి ముందుగా నోరు విప్పినచో జనులు పరుగెత్తి డిపాజిట్లు తీయుదురు. బ్రతుకదగిన బ్యాంకు గూడ ఆ పరుగులో చచ్చును. 1960లో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకును మూయింప రిజర్వు బ్యాంకు హైకోర్టు నాశ్రయించినప్పుడు తొందరపడెనని నిందించినవారు పెక్కురు. తొందరపడినను నింద, ఆలస్యము చేసినను నింద! కావున చూచి, ఆలోచించి, తప్పుగా నిర్ణయించినవానికి రక్షణ యుండవలసినదే. చూడనివానికి, చూచియు వ్రాయనివానికి ఆ రక్షణ ఏల యని మా ప్రశ్న.

సుమారు మూడు లక్షల జనము గల ఐస్లాండు దేశమున 2008 అక్టోబరులో మూడు పెద్దబ్యాంకులును కూలినవి. పార్లమెంటు నియమించిన విచారణసంఘము 2010లో ప్రకటించిన నివేదికలో బ్యాంకర్లతో ఆగలేదు. ప్రధానిని, ఇద్దరు మంత్రులను, కేంద్రబ్యాంకు గవర్నర్లను ముగ్గురిని, పర్యవేక్షణసంస్థ అధిపతిని పేరు పేరున పేర్కొని అజాగ్రత్త చూపిరని వ్రాసినది. వీరిలో విచారణకు నిలిచినది ప్రధాని గేర్ హార్డే ఒక్కడే. 2012లో ఒక్క యభియోగమున దోషియని తేలినను శిక్ష పడలేదు. ఫలితము స్వల్పమని కొందరందురు. మాకట్లు తోచదు. చెరసాలకు పంపుట వేరు, పేరు చెప్పి ప్రశ్నించుట వేరు. మనకు లోపించినది ఆ రెండవది.

ఇన్సూరెన్సు ఉన్నది గదా యని కొందరు తృప్తి చెందుదురు. 1962లో 1,500 రూపాయలతో ఆరంభమైన ఆ పూచీ, 1993 నుండి లక్ష, 2020 ఫిబ్రవరి నుండి 5 లక్షలు. 2021 సవరణతో ఆంక్షలు పడిన 90 దినములలో అది చేతికి రావలెను. సంతోషమే. కాని పరిహారము సమాధానము కాదు. పైన చెప్పిన బ్యాంకు 2022 జనవరిలో మరొక బ్యాంకున విలీనమైనప్పుడు 5 లక్షలకు మించిన సొమ్ము పదేండ్ల వరకు విడతలుగా నిచ్చునట్లు ఏర్పాటైనది. డెబ్బదియైదేండ్ల వృద్ధునకు పదేండ్ల వాయిదా!

అధిక వడ్డీకి ఆశపడిన డిపాజిటుదారునిదే తప్పని యనువారును కలరు. లైసెన్సు ఇచ్చినవాని మాటను నమ్ముట ఆశ కాదు. అయితే సహకారసంఘమున సభ్యునకు ఓటు కలదు. పరస్థలమున స్థిరపడిన మనవారు భాష యొకటే, కులమొకటే యను నమ్మకముతో పరపతిసంఘములు, చిట్లు నడపుకొనుట తరతరముల ఆచారము. ఆ సంఘముల వార్షికసభలలో జమాఖర్చుల పట్టిక కాఫీ వచ్చులోపలనే ఏకగ్రీవముగా ఆమోదింపబడుట మేమెన్నిమార్లు చూడలేదు! లేచి అడిగినవాడు తగవులమారి.

అడుగుటకు త్రోవ లేకపోలేదు. జయంతిలాల్ మిస్త్రీ వ్యాజ్యమున 2015 డిసెంబరు 16వ తేదీన సుప్రీముకోర్టు, రిజర్వు బ్యాంకు తనిఖీ నివేదికలను సమాచారహక్కు చట్టము క్రింద అడిగినవారికి ఈయవలసినదేనని తీర్పు చెప్పినది. రిజర్వు బ్యాంకు బాధ్యత బ్యాంకుల రహస్యముల యెడ గాదు, ప్రజల యెడ నన్నది. 2019లో అదే మాటను మరల చెప్పవలసి వచ్చినది. పిమ్మట బ్యాంకులు ఆ తీర్పును ప్రశ్నించుచు న్యాయస్థానమున కెక్కినవి. ఆ వివాద మెట్లున్నను దరఖాస్తు పెట్టుటకు అడ్డు లేదు. రుసుము 10 రూపాయలు, తెల్లకాగితము చాలును. ఏ బ్యాంకు, ఏ సంవత్సరపు తనిఖీ, ఎవరు సరిచూచిరి అను మూడు ప్రశ్నలు స్పష్టముగా నుండవలెను. మన సంఘసభ్యులలో వ్రాయ నలవాటు లేనివారు వచ్చినచో మేము వ్రాసి యిత్తుము.