పెరటితోట యెవరి కొరకు?

నల్లగొండ జిల్లాలో మాడుగులపల్లి మీదుగా మిర్యాలగూడకు పోవు రహదారి కిరుప్రక్కల నేడు క్రొత్తయిండ్లు లేచుచున్నవి. గోడలకు రంగు వేయించినతోడనే ముంగిట నాలుగు కుండీలు, ప్రహరీ వెంట క్రోటను మొక్కలు, వీలైనచో కొంత పచ్చిక యమర్చుట పరిపాటియైనది. తోటవలన నింటికి శోభయు, అమ్మబోయినచో విలువయు పెరుగునని యందురు. అది యసత్యము కాదు. మండువేసవిలో వేపనీడ గల పూరిల్లు చెట్టులేని మేడకంటె మనసు నెక్కువగా నాకర్షించును. అయినను మేమడుగు ప్రశ్న వేరు: ఈ తోట చూపరుల కన్నులకా, ఇంటివారి బ్రతుకునకా?

ఈ సీమకు నీరు సులభముగా వచ్చినది కాదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము నుండి 1967లో కాలువలకు నీరు విడిచిరి. అటుపిమ్మటనే యెడమకాలువ క్రింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు విస్తారముగా వరిమళ్లయినవి. ఈ జిల్లాలోనే పెక్కు గ్రామముల భూగర్భజలములోని ఫ్లోరైడు మనుష్యుల యెముకలను వంచినది. నీటి విలువ నింతగా నెరిగినచోట దినదినము తడుపవలసిన పచ్చికను పెంచుచు, వానచినుకు నింకనీయక వాకిలి నంతయు సిమెంటుతో గప్పుట వివేకమా? మన పూర్వుల పెరటిలో స్నానము చేసిన నీరే యరటిపాదునకు బోయెడిది. మునగ కూరకు, కరివేపాకు తాలింపునకు, మందారము పూజకు, పడమటి వేప యెండకు అడ్డము. ప్రతిచెట్టునకు నొక పని యుండెను.

కాని యా పెరటిని మితిమీరి పొగడుట మాకు దగదు. బావినుండి బిందెలతో నీరు తోడి పోసినవారెవరు? ఇంటి యాడువారు. అందును మల్లెపాదునకు నిత్యము నీరు పోసినది తరచుగా విధవయై పుట్టింట నున్న యాడుబిడ్డ. ఆమె మొగ్గలు కోసి యితరుల కీయవచ్చును, తాను ముడువరాదు! వితంతు వివాహము 1856లోనే చట్టసమ్మతమైనది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు వితంతు వివాహమును జరిపించిరి. ఇంతకాలము గడచినను పూవుల కట్టుబాటు కొన్ని యిండ్లలో నేటికిని సడలలేదు. పూవు స్వల్పవిషయము కదా యని కొందరు మమ్మాక్షేపింతురు. స్వల్పమే యైనచో నిచ్చుట కింత సంకోచమేల?

కావున తోట వేయువారికి మా మనవి యిది. వేసవి కోర్వగల చెట్లను నాటుడు. వాకిట గొంత మట్టిని మిగుల్చుడు. నీరుపోయు పనిలో మగవారును పాలుగొనుడు. ప్రహరీ దాటి వీధిలోనికి బోయిన కొమ్మను నరుకక, దాని నీడను బాటసారికి విడువుడు. అన్నిటికంటె ముఖ్యముగా, పూచిన పూవును ముడుచుకొను స్వాతంత్ర్యము ఇంటిలో ప్రతి స్త్రీకిని నుండనిండు. వీధివారు మెచ్చిన తోటలో నింటి యాడుబిడ్డకు పూవు లేకున్న నా శోభ యెందులకు? ఈ సాయంకాలము మొగ్గలు కోసినప్పుడు, తొలిదోసిలి యెవరి చేతిలో బోయవలెనో చదువరులే యాలోచింతురు గాక.