పాట వినువాని ఋణము

అభిమానగాయకుని కచేరికి పోయి వచ్చినవారిని "ఎట్లున్నది?" అని యడిగినచో, "చెవులకు పండువైనది" అని చెప్పుదురు. టిక్కెట్టు కొంటిమి, చప్పట్లు కొట్టితిమి, ఇక మాకును గాయకునకును లెక్క తీరినదని తలంచుట లోకరీతి. ఈ లెక్క నిజముగా తీరినదా? ఇదియే మేము విచారింపదలచిన ప్రశ్న.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాలయు, కృష్ణ కావలనున్న వనపర్తియు నిజాము రాజ్యములో పండితపోషణకు పేరొందిన సంస్థానములు. గద్వాలకు "విద్వద్గద్వాల" యను ప్రశస్తియే కలదు. ప్రభువు పద్యము విని, మెచ్చి, కవికి వార్షిక మిచ్చెడివాడు. ఆ పద్ధతిలో లోపములు లేకపోలేదు. ప్రభువు రుచియే ప్రమాణము. కోటలోనికి రానేరని పాటకు పోషణ లేదు. అయినను ఒక మంచి కలదు: వినినవాడు పాడినవాని మరుసటి యేటి గ్రాసమును గూర్చి యాలోచించెడివాడు.

కోట వెలుపలి పాటకు నాగర్‌కర్నూలు జిల్లాయే సాక్షి. లింగాల మండలము అవుసలికుంట గ్రామమునకు చెందిన దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర వాయించుచు పండుగ సాయన్న, మియాసాబుల కథలు పాడును. వెదురుబొంగు, ఎండిన సొరకాయబుర్రలు, తంత్రులు, ఇంతియే యా వాద్యము. ఆ వాద్యమును వంశపరంపరగా కాపాడినది డక్కలివారు. వారిని అంటరానివారిలో నంటరానివారుగా నెంచి వాకిటనే నిలిపిన లోకమే వారి పాట విని తల యూచినది.

2021లో "భీమ్లా నాయక్" చిత్రగీతముతో మొగిలయ్య కంఠము తెలుగునాడంతట మ్రోగినది. 2022లో పద్మశ్రీ లభించినది. రాష్ట్రప్రభుత్వము కోటి రూపాయలను, ఇంటిస్థలమును ప్రకటించినది. 2024లో ఆయన హైదరాబాదు చేరువ కట్టడముల యొద్ద కూలిపని చేయుచున్నాడని పత్రికలు వ్రాసినవి. నెపము నెవరిమీదనో త్రోయుట సులభము. మేము చూచునది వేరు. ఒక్క కుండపోతతో చెరువు నిండవచ్చును; కాలువ లేనిచో పొలము పండదు. బిరుదు వాన వంటిది. ఏటేట పిలిచి వినెడి శ్రోతలే కాలువ.

"పాటను పాటగా వినవలెను గాని, పాడువాని పేదరికమును తలచుట యేల? దయ చేరినచో రసము చెడును" అని కొంద రందురు. ఇందు సత్యము లేకపోలేదు. దయతో కొట్టిన చప్పట్లు గాయకునకు అవమానమే. కాని మేము కోరునది దయ కాదు, న్యాయము. టిక్కెట్టు వెల ఆ సాయంకాలమునకు సరిపోవచ్చును. ఆ కంఠమును పండించిన యేండ్లకు సరిపోదు. ఊరూర తిరిగిన కాళ్ల బడలికయు, తండ్రితాతల నాటి జ్ఞాపకమును ఆ పాటలోనే యున్నవి. పాటను గైకొని, పాడినవానిని గడప కావల నిలుపుట పండు తిని చెట్టును నరకుట వంటిది.

అట్లయిన గృహస్థు చేయదగినదేమి? పెండ్లికిని, పాఠశాల వార్షికోత్సవమునకును పరదేశపు వాద్యమేళముతోపాటు కిన్నెరకును చోటియ్యవచ్చును. ప్రతిఫలమును ముందుగా మాట్లాడి, పాట ముగిసిన వెంటనే ఈయవలెను, రేపు రమ్మనరాదు. భోజనవేళ గాయకునకు వేరు విస్తరి వేయక తనవారి పంక్తిలోనే కూర్చుండబెట్టవలెను. ఉత్సాహము గల బిడ్డ యున్నచో, కులము నడుగక, ఆ విద్యను నేర్పింపవలెను. పాడుచుండగా చేతిఫోను నెత్తిపట్టి బొమ్మలు తీయుట మాని చెవి యొగ్గుటయు చిన్న మర్యాద కాదు.

వీనిలో ఏదియు రాజులకు మాత్రమే సాధ్యమైనది కాదు. సంస్థానములు పోయినవి, పోషకుని పీఠము శ్రోతలకు దక్కినది. కచేరి ముగిసినపిమ్మట, "ఈ గాయకుడు మరల నెప్పుడు, ఎక్కడ పాడును? ఆయన తరువాత పాడువా రెవరు?" అని యడుగువాడే నిజమైన అభిమాని యని మా తలంపు.